అరవై కృతులు వచ్చు, స్వరం రాదు: ఒక విద్యార్థిని కేసు

ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి దగ్గరా, వాళ్ళ అమ్మగారి దగ్గరా అనుమతి తీసుకున్నాను. పేరు మార్చాను. ఊరు, కాలేజీ, నాకంటే ముందు పాఠం చెప్పినవారి వివరాలు వదిలేశాను. ఇక్కడ ఆమెని శారద అందాం.

శారద నా దగ్గరికి వచ్చేసరికి పద్దెనిమిదేళ్ళు, ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. అప్పటికి తొమ్మిదేళ్ళుగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. ఐదు శ్రుతి. మంద్ర పంచమం నుంచి తారస్థాయి మధ్యమం దాకా ఎక్కడా బిగుసుకోని గొంతు. శ్రుతి కలిసేది, తాళం నిలిచేది. కృతులు అరవై పైచిలుకు వచ్చు. వాళ్ళింటికి వెళ్తే హాల్లో గాజు బీరువా నిండా షీల్డులే.

ఈ షీల్డుల సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే ఆమె చదువు నడిచిన తీరు అందులోనే ఉంది. సరళీ స్వరాలు, జంట వరసలు, దాటు వరసలు, అలంకారాలు, గీతాలు, నాలుగు వర్ణాలు, ఇవన్నీ కలిపి ఏడాదిన్నరలో అయిపోయాయి. వర్ణాలు కూడా ఒక్క కాలంలోనే, అంటే ఒకే వేగంలో. పదకొండో ఏడు నిండకుండానే పోటీల్లోకి దిగింది, పోటీలో కృతి కావాలి, కాబట్టి కృతి తర్వాత కృతి. క్లాసులో టీచరు ఒక పాదం పాడితే తను పాడేది, ఫోన్లో రికార్డు చేసుకుని ఇంట్లో అది వింటూ బట్టీ పట్టేది. ఇందులో ఎవర్నీ తప్పు పట్టను. నేనూ చాలామందికి అలాగే చెప్పాను.

వచ్చిన సమస్య

ఒక పోటీలో భైరవి కృతి పాడి, ఎప్పటిలాగే పల్లవికి స్వరకల్పన (పాట పాదానికి అప్పటికప్పుడు సరిగమలు అల్లి పాడటం) మొదలుపెట్టబోయింది. జడ్జి ఆపి, "పల్లవికి కాదమ్మా, చరణంలో రెండో పాదానికి వెయ్యి" అన్నారట. శారద చేయి తాళం వేస్తూనే ఉంది, నోరు మాత్రం పెగల్లేదు. రెండు ఆవర్తనాల పాటు, అంటే తాళం రెండు చుట్లు తిరిగేదాకా, తంబూరా ఒక్కటే మోగింది. ఇంటికి వచ్చాక మూడు వారాలు పాట ముట్టుకోలేదు.

వాళ్ళమ్మగారు నాతో అన్న మాట ఇది: "అంతా బాగానే పాడుతుంది మేడం గారూ. స్వరాల దగ్గర ఒక్కచోటే టెన్షన్ పడుతుంది. ఆ స్టేజి భయం పోగొట్టండి చాలు."

స్టేజి భయమైతే గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు పోవాలి. పోలేదు. రెండో క్లాసులోనే కల్యాణిలో ఒక పల్లవి తీసుకుని, "ఒక్క ఆవర్తనం స్వరం వెయ్యమ్మా, తప్పైనా ఫర్వాలేదు" అన్నాను. చాలా చక్కటి నాలుగు ఆవర్తనాలు పాడింది. ఇంకోటి వెయ్యమంటే మళ్ళీ అవే నాలుగు. మూడోసారి అడిగితే మొహం పాలిపోయింది. ఆమెకి ఉన్నది ఒక్కో రాగానికి ఒక్కో రాసిపెట్టిన స్వరకల్పన, అంతే. అది అయిపోయాక గోడ. ఆలాపన కూడా దాదాపు అంతేనని తర్వాత తెలిసింది, కాకపోతే ఆలాపనలో అది బయటపడదు.

మొదట చేసినవి

మొదటి నెల వినికిడి మీద పెట్టాను. మంచి స్వరకల్పన చెవిలో పడకపోతే నోట్లోంచి ఎలా వస్తుందనుకున్నాను. భైరవి, కల్యాణి, మోహనం, ఈ మూడింట్లో పెద్దవాళ్ళ కచేరీలు కొన్ని ఇచ్చి, రోజూ వినమన్నాను. నాలుగో వారం శారద భైరవిలో స్వరం వేస్తే ఒళ్ళు పులకరించింది. రెండు నిమిషాలు గడిచాక గుర్తుపట్టాను, అది నేనిచ్చిన రికార్డింగే, ఊపిరి పీల్చుకునే చోటుతో సహా. బట్టీ పట్టడంలో ఆమె శక్తి నేననుకున్నదానికంటే ఎక్కువ. నా మందు రోగాన్నే పెంచింది.

రెండోది నేను సిగ్గుపడాల్సిన పని. ఎనిమిది రోజుల్లో కాలేజీ పోటీ ఉంది. వాళ్ళ నాన్నగారు ఫోన్ చేసి, "ఈ ఒక్కసారికీ ఏదో ఒకటి చెయ్యండి మేడం" అన్నారు. కూర్చుని మూడు ఎత్తుగడలకి (స్వరం వేసి తిరిగి అందుకునే పాదాలకి) స్వరాలు, చివర ముక్తాయింపుతో సహా రాసిచ్చాను. బహుమతి వచ్చింది. బీరువాలోకి ఇంకో షీల్డు చేరింది. జడ్జి అడిగే ప్రశ్నకి జవాబు ముందే తయారుగా ఉంచడం తప్ప నేను నేర్పిందేమీ లేదు. ఏం జరిగిందో తెలిసి కూడా రాశానని ఇక్కడ ఒప్పుకోవాలి.

మూడో ప్రయత్నం కాస్త ఆలోచించి చేశాను. పరిధి తగ్గిస్తే భయం తగ్గుతుందని, మోహనంలో గ, ప, ద మూడే స్వరాలతో ఒక్క ఆవర్తనం వెయ్యమన్నాను. వేసింది! తర్వాత ఐదు స్వరాలూ వదిలాను. రెండు వారాల్లో మోహనంలో సొంతంగా నాలుగైదు ఆవర్తనాలు వచ్చేశాయి. హమ్మయ్య, దారి దొరికిందనుకున్నాను. అదే పద్ధతిలో భైరవికి వెళ్తే మళ్ళీ గోడే.

ఇప్పుడు ఆలోచిస్తే కారణం తేలికే. మోహనంలో స్వరాలు ఏ వరసలో పేర్చినా వినడానికి బాగానే ఉంటుంది, తప్పు పెద్దగా పట్టివ్వదు. భైరవిలో ప్రతి స్వరం పక్కనున్న స్వరాన్ని బట్టి ఆకారం మార్చుకుంటుంది. గాంధారం (గ), నిషాదం (ని) ఊగుతాయి, ధైవతం (ద) రెండు రకాలు. అక్కడ పేర్చడం కుదరదు, తెలిసి ఉండాలి. మోహనంలో గెలుపు నన్ను దాదాపు నెల రోజులు తప్పుదారి పట్టించింది.

జలుబు చేసిన రోజు

అసలు సంగతి అనుకోకుండా బయటపడింది. ఒకరోజు జలుబుతో గొంతు బొంగురుపోయి వచ్చింది. పాడొద్దు, ఊరికే కూర్చోవడం ఎందుకు అని, "ఆ భైరవి కృతి అనుపల్లవి మొదటి పాదానికి స్వరాలు రాయి" అని కాగితం ఇచ్చి లోపలికి వెళ్ళాను. ఐదేళ్ళుగా పాడుతున్న కృతి అది. పది నిమిషాల తర్వాత చూస్తే కాగితం మీద సాహిత్యం ముత్యాల్లా రాసి ఉంది. దాని పైన 'ప' అని ఒక్క అక్షరం.

"ఏమ్మా, రాయలేదే?"

"ఎప్పుడూ చూడలేదు మేడం" అంది.

ఆ మాటే నా చెవిలో ఉండిపోయింది. అది విని రాయాల్సింది కాదు, చూసి రాయాల్సింది అనుకుంటోంది.

గొంతు బాగుపడ్డాక సరిగ్గా పరీక్ష చేశాను. నేను నాలుగైదు స్వరాల చిన్న పదాలు (స్వరాల గుంపులు) ఆకారంలో, అంటే 'ఆ' అంటూ, పాడతాను, తను స్వరాలు చెప్పాలి. మాయామాళవగౌళలో, మోహనంలో దాదాపు అన్నీ చెప్పింది. భైరవిలో పదిలో రెండు. తోడిలో ఒక్కటీ లేదు. ఇంకో చిత్రం చూడండి. అవే పదాలు సాహిత్యంతో పాడమంటే గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, ఎక్కడా తొణకదు. ఆకారంలో పాడమన్నా అంతే శుద్ధంగా ఉంటుంది. స్వరం పేరు పెట్టి పాడమన్న క్షణంలో గాంధారం కదలకుండా హార్మోనియం మెట్టులా నిలబడిపోతుంది.

అంటే రాగం ఆమెలో లేకపోవడం కాదు. ఉన్న రాగమంతా మాటల్లో ఉంది. స్వరకల్పన మాటల్లో జరగదు కదా. విష్ణు సహస్రనామం కంఠతా వచ్చినవాళ్ళని సంస్కృతంలో బస్టాండుకి దారి చెప్పమన్నట్టు అడుగుతున్నాను నేను ఇన్నాళ్ళూ.

ఇక్కడ నాకో అనుమానం ఉంది, రుజువు లేదు. ఆన్‌లైన్లో నా దగ్గర నేర్చుకునే ఇద్దరికి తెలుగు మాతృభాష కాదు. వాళ్ళకి ఈ తేడా ఇంతగా లేదు. త్యాగరాజస్వామి మాట మన పిల్లలకి అర్థమవుతుంది, అర్థం జ్ఞాపకాన్ని మోసుకెళ్తుంది, కింద ఏ స్వరం నడుస్తోందో చూసుకోవలసిన అవసరమే రాదు. మనకున్న సౌకర్యమే ఇక్కడ అడ్డం పడుతోందేమో.

ఏం ఎంచుకున్నాను, ఎందుకు

వర్ణాలకి వెనక్కి వెళ్ళడం మొదట తట్టిన దారి. కానీ తాన వర్ణంలో ముక్తాయి స్వరాలకీ, చరణం కింద వచ్చే ఎత్తుగడ స్వరాలకీ మనం సాహిత్యం పాడం. స్వరం వేరు, సాహిత్యం వేరుగా ఉండిపోతాయి, శారద వాటిని మళ్ళీ వేర్వేరుగానే బట్టీ పడుతుంది. నాకు కావలసింది ఒకే ధాతువుకి (పాట వరసకి) స్వరమూ సాహిత్యమూ రెండూ ఉన్న రచన. త్యాగరాజస్వామి పంచరత్నాల చరణాలు అలాంటివే, కానీ అవి బృందగానంలో పాడిపాడి ఆమెకి నోటికి అరిగిపోయాయి. అందుకే శ్యామశాస్త్రిగారి భైరవి స్వరజతి పట్టుకున్నాను. మిశ్రచాపు, నిదానమైన నడక. ఎనిమిది చరణాలు షడ్జం నుంచి తారషడ్జం దాకా ఒక్కో మెట్టూ ఎక్కుతూ మొదలవుతాయి. ఒక్కో చరణం రాగాన్ని ఒక్కో స్వరం మీద నిలబెట్టి చూపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆమెకి అది రాదు.

గమక గుర్తులున్న స్వరలిపి ఇవ్వాలా అని కూడా ఆలోచించాను. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లోనే, తెలుగు లిపిలోనే, స్వరాల మీద గమక చిహ్నాలతో అచ్చయింది. పోటీ పుస్తకాల్లో వట్టి అక్షరాలుంటాయి కాబట్టి పిల్లలు వాటిని వట్టి మెట్లుగానే చదువుతారు. అయినా ఇవ్వలేదు. ఈమె లోటు కాగితం మీద కాదు, చెవిలో ఉంది. ఇంకో కాగితం ఇస్తే అది కూడా చూసి రాస్తుంది.

వారానికి ఒక చరణం. నేను స్వరం పాడితే తను స్వరం. తర్వాత అదే ఆకారంలో, ఆ తర్వాతే సాహిత్యం. చివర్లో నేను సాహిత్యం పాడుతుండగా తను వెంటనే స్వరం పాడాలి. పుస్తకం మూసి, ఫోన్ బయట పెట్టి.

ఫోన్ దగ్గర గొడవైంది. "రికార్డింగ్ లేకపోతే ఇంట్లో ఎలా సాధన చేస్తుంది మేడం గారూ?" అని వాళ్ళమ్మగారు. న్యాయమైన ప్రశ్నే. నా గొంతు రికార్డు చేసుకోవద్దు, ఇంట్లో తను పాడింది రికార్డు చేసి తీసుకురావాలి అని సర్దుకున్నాం. మొదటి రెండు వారాలు సగం మర్చిపోయి వచ్చేది. తొమ్మిదేళ్ళలో పాఠం మర్చిపోయి రావడం అదే మొదటిసారని చెప్పి ఏడ్చింది కూడా.

రెండు ధైవతాలు

మూడో వారం జరిగింది కాస్త వివరంగా చెప్పాలి. 'పదనిస' అని పైకి వెళ్ళినప్పుడు భైరవిలో చతుశ్రుతి ధైవతం, రెండిట్లో పైది. 'నిదప' అని దిగేటప్పుడు శుద్ధ ధైవతం, కిందిది. 'పదనిదప' అని నిషాదం తాకి వెనక్కి వచ్చేస్తే రెండుచోట్లా శుద్ధమే. శారద స్వరం పాడితే మూడు చోట్లా ఒకే ధైవతం, చతుశ్రుతి. సాహిత్యంలో మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

తప్పని చెబితే సరిదిద్దుకుంటుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది. అందుకని చెప్పలేదు. దిగే పదం దగ్గర సాహిత్యం పాడించి, ధైవతం మీద పడ్డ అక్షరం దగ్గర "అక్కడే ఆగు" అన్నాను. ఆగింది. "గొంతు కదపకు, అక్షరం మాత్రం 'ద' అని మార్చు." మార్చింది. "ఇప్పుడు పదనిస పాడి ద దగ్గర ఆగు." ఆగింది. రెండూ మూడునాలుగు సార్లు మార్చి మార్చి పాడింది. తర్వాత శ్రుతి బాక్స్ వైపు చూస్తూ కూర్చుండిపోయింది.

"రెండూ ఒకే ద కాదా మేడం?"

భైరవి భాషాంగ రాగమని (మేళంలో లేని స్వరం వచ్చే రాగమని), ఆ అన్యస్వరం చతుశ్రుతి ధైవతమని థియరీ పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల అడుగుతున్న ప్రశ్న ఇది. నవ్వు రాలేదు నాకు. ఆ ప్రశ్న తొమ్మిదేళ్ళ కిందట రావాల్సింది.

ఆ తర్వాత చరణాలు వేగంగా కదిలాయి. ఎనిమిది వారాలనుకున్నది పదకొండు పట్టింది.

మధ్యలో వచ్చిన చిక్కు

రెండో నెలలో ఆమె కృతులు చెడిపోవడం మొదలైంది. ఇది నేను ఊహించలేదు. సాహిత్యం పాడుతూ లోపల స్వరాలు లెక్కపెట్టుకోవడంతో భావం ఎండిపోయింది, పదాల మధ్య సందులు వినిపించాయి. ఒక గుడిలో పాడి వచ్చాక వాళ్ళ నాన్నగారు, "ఉన్నది కూడా పోయేట్టుంది" అన్నారు. ఆపేద్దామా అని నేనూ ఒక వారం తర్జనభర్జన పడ్డాను.

ఆపలేదు గానీ, రెండిటినీ విడదీశాను. పొద్దున సాధనలో స్వరం పనే, సాయంత్రం పాత కృతులు హాయిగా, ఏమీ ఆలోచించకుండా పాడుకోవాలి. సాయంత్రం స్వరం జోలికి పోకూడదు. మూడు వారాలకి కృతులు మళ్ళీ నిలబడ్డాయి. మొదటి రోజు నుంచే ఇలా పెట్టి ఉంటే ఆ గుడి కచేరీ అంత నీరసంగా ఉండేది కాదు.

ఐదు నెలలు పోటీలు మానేయమన్నాను. ఒక పెద్ద పోటీ వదులుకున్నారు. ఇంట్లో నా గురించి ఏమనుకున్నారో నాకు తెలుసు.

ఆ ఐదు నెలల్లో అరవైలో పన్నెండు కృతులే తీసుకున్నాం, రోజుకి ఒక పాదం చొప్పున విని స్వరాల్లోకి దించడం. దానికి 'అప్పు తీర్చడం' అని పేరు పెట్టుకుంది. "ఇవ్వాళ ఒకటిన్నర పాదం తీర్చాను మేడం" అని మెసేజ్ పెట్టేది.

మళ్ళీ స్వరకల్పన

సమం, అంటే తాళం మొదటి దెబ్బ మీద మొదలయ్యే ఎత్తుగడే తీసుకున్నాను. సమం దాటాక ఎక్కడో మొదలయ్యే పాదమైతే చోటు పట్టుకోవడంలోనే సగం బుర్ర పోతుంది, స్వరానికి మిగలదు. ఆదితాళంలో నేను లఘువు నాలుగు అక్షరాలూ పాడి వదిలితే, తను మిగతా నాలుగు అక్షరాలు, అంటే రెండు ద్రుతాలూ, నింపి ఎత్తుగడకి రావాలి. చివరి స్వరం ఎత్తుగడ స్వరానికి పక్కింటిదై ఉండాలి, అంతే నియమం. మధ్యలో ఏమైనా చేసుకోవచ్చు.

ఇంకొక్క అనుమతి ఇచ్చాను. ఏమీ తోచకపోతే ఉన్న స్వరం మీద కార్వై ఇచ్చి, అంటే దాన్నే సాగదీసి, నిలబడొచ్చు. నువ్వు ఆగొచ్చు, తాళం ఆగకూడదు. నా మటుకు ఈ ఒక్క మాటే ఎక్కువ పనిచేసింది. ఆమె భయమంతా ఆ రెండు ఆవర్తనాల నిశ్శబ్దం గురించే. కార్వైని నిశ్శబ్దం అనరు, సంగీతమే అంటారు. భైరవిలో నిషాదం మీద ఊరికే ఊగుతూ నిలబడినా రాగం పలుకుతూనే ఉంటుంది. మొదట్లో ఆవర్తనంలో సగం కార్వైలే. నెల తిరిగేసరికి వాటంతటవే చిన్నవయ్యాయి.

రెండో కాలం మాత్రం ఇంకా బాగా లేదు. వేగం పెరగగానే 'సరిగమ గరిస' లాంటి సరళీ స్వరాల ముక్కలు దొర్లుతాయి. ప్రస్తుతానికి వదిలేశాను.

ఇప్పుడు నేనేం మార్చుకున్నాను

ఇంకొకరి దగ్గర నేర్చుకుని నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరినీ మొదటి క్లాసులోనే ఒక కృతి అనుపల్లవి మొదటి పాదం స్వరాల్లో పాడమంటున్నాను. ఐదు నిమిషాల పని. శారద విషయంలో ఆ ఐదు నిమిషాలు పెట్టక నాలుగు నెలలు పోగొట్టాను. అందరిదీ ఇదే జబ్బు కాదు. ఈ మధ్య స్వరం వేయలేని ఒక అబ్బాయికి ఇదే పరీక్ష పెడితే, తోడి పదాలు కూడా గడగడా చెప్పాడు. అతని తంటా తాళంతో. స్వరజతి ఇస్తే అతనికి దండగే.

వర్ణం అయ్యాక కృతికి వెళ్ళే ముందు ఒక స్వరజతి తప్పనిసరి చేశాను. పోటీకి స్వరాలు రాసివ్వడం మానేశాను. దీనివల్ల ఇద్దరు విద్యార్థులు వెళ్ళిపోయారు.

పోయిన దసరాకి ఒక గుడిలో శారద గంటసేపు పాడింది. భైరవిలో స్వరం వేస్తుండగా దిగే పదంలో చతుశ్రుతి ధైవతం పడింది. ముందు వరసలో కూర్చున్న నాకు గుండె ఆగినంత పనైంది. తను గమనించింది. అక్కడే కార్వై ఇచ్చి, నిషాదం మీదుగా తారషడ్జానికి ఎక్కేసింది. అంటే తప్పుని పైకి వెళ్ళే పదంగా మార్చేసింది. వయొలిన్ ఆయన తలెత్తి చూసి, నవ్వి, అదే పదం తిరిగి వాయించారు.

సహాన, బేగడ, ఆనందభైరవి దగ్గర పరిస్థితి ఇంకా పాతదే. సాహిత్యం పాడితే కళ్ళు మూసుకుని వినాలనిపిస్తుంది, స్వరం అడిగితే తడుముకుంటుంది. సహానలో గాంధారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో విడమరచి చెప్పడం నాకే కష్టం. కిందటి ఆదివారం సహానలో ఒక కృతి అనుపల్లవి మొదలుపెట్టాం. మొదటి పాదం మీద గంటన్నర కూర్చుంది. సగం దాకా వచ్చింది.